వంద విజయాలు, బీజింగ్‌లో సున్నా: మికేలా షిఫ్రిన్ లెక్కను ఎలా చదవాలి?

2025 ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్ట్రియెరెలో అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ తన వందో ప్రపంచ కప్ విజయం సాధించింది. ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ ఆల్పైన్ స్కీయింగ్‌లో అంతకుముందు ఎవరూ ఆ అంకెను చేరలేదు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట్సులో ఇది ఒకే ఒక్క వాక్యం. దాని కింద ఇంకో వాక్యం రాసుకుంటే మాత్రం తల గోక్కోవాల్సిందే: ఇదే షిఫ్రిన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆరు పోటీల్లో దిగి ఒక్క పతకమూ లేకుండా ఇంటికి వెళ్లింది. అసలు ఒక మనిషి వంద ప్రపంచ కప్‌లు గెలవడమేమిటి? గెలిచిన మనిషి ఒలింపిక్స్‌లో అలా పడిపోవడమేమిటి? ఏడాది పొడుగునా మంచు చుక్క కనబడని మన జిల్లాల్లో ఈ అనుమానాలు రావడం సహజం. ఆట తీరు తెలిస్తే రెండు వాక్యాలకూ పొంతన కుదురుతుంది.

ఈ ప్రపంచ కప్ నాలుగేళ్లకోసారి వచ్చేది కాదు

క్రికెట్ అలవాటైన మన చెవికి ప్రపంచ కప్ అంటే నాలుగేళ్లకు ఒకసారి జరిగే పెద్ద పండుగ. స్కీయింగ్‌లో అలా కాదు. అక్టోబరులో ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో మొదలై మార్చి దాకా వారం వారం ఊరు మారుతూ సాగే రేసుల వరుసకే ఆ పేరు. ఫ్రెంచి పాత్రికేయుడు సెర్జ్ లాంగ్ చొరవతో 1967 జనవరిలో ఇది మొదలైంది. ఒక్కో సీజన్‌లో మహిళలకు ముప్పై పైచిలుకు రేసులుంటాయి. అందులో ఒక్క రేసులో మొదట వస్తే ఒక ప్రపంచ కప్ విజయం. షిఫ్రిన్ వంద విజయాలంటే వంద రేసుల్లో మొదటి స్థానమని అర్థం.

ప్రతి రేసుకూ పాయింట్లుంటాయి. మొదటి స్థానానికి 100, రెండో స్థానానికి 80, మూడుకు 60, నాలుగుకు 50, ఐదుకు 45. అలా తగ్గుతూ ముప్పయ్యో స్థానానికి ఒక్క పాయింటు. సీజన్ చివర ఒక్కో రకం రేసులో ఎక్కువ పాయింట్లు వచ్చినవారికి చిన్న స్ఫటిక గోళం, అన్ని రకాలూ కలిపి ఎక్కువ వచ్చినవారికి పెద్ద గోళం ఇస్తారు. ఆ క్రీడాకారులు ఏడాదంతా కళ్లు పెట్టుకునేది ఆ పెద్ద గోళం మీదే.

విజయాల సంఖ్య, పాయింట్లు ఒకటి కాదని ఒక పోలిక చూస్తే తెలుస్తుంది. 2018-19 సీజన్‌లో షిఫ్రిన్ 17 రేసులు గెలిచింది. ఒకే సీజన్‌లో అన్ని గెలుపులు అంతకుముందు ఎవరికీ లేవు; స్విట్జర్లాండ్‌కు చెందిన వ్రేని ష్నైడర్ 1988-89లో గెలిచిన 14 అప్పటిదాకా రికార్డు. ఆ ఏడు షిఫ్రిన్ ఖాతాలో చేరిన పాయింట్లు 2,204. స్లొవేనియాకు చెందిన టీనా మాజే 2012-13లో గెలిచినవి 11 రేసులే. పాయింట్లు మాత్రం 2,414! మాజే దాదాపు ప్రతి రకం రేసులోనూ దిగి, గెలవని చోట రెండో మూడో స్థానం తెచ్చుకుంది. షిఫ్రిన్ ఒళ్లు కాపాడుకోవడానికి కొన్ని రేసులు వదిలేసింది. ఏది గొప్ప సీజన్ అని అడిగితే ఇప్పటికీ స్కీయింగ్ అభిమానులు రెండు జట్లుగా విడిపోతారు.

నాలుగు రేసులకు నాలుగు రకాల శరీరాలు

ఆల్పైన్ స్కీయింగ్ అంటే కొండ మీద నుంచి గడియారంతో పోటీపడి కిందికి దిగడం. దారిలో గుంజలతో గేట్లు పాతుతారు. రెండు పాదాలూ, రెండు స్కీల కొనలూ ప్రతి గేటు గీత దాటి తీరాలి. ఒక్కటి తప్పినా ఆ రేసులో మీ పేరు ఉండదు.

గేట్లు దగ్గర దగ్గరగా ఉంటే స్లాలమ్. కొంచెం దూరమైతే జెయింట్ స్లాలమ్. ఇంకా దూరమై వేగం పెరిగితే సూపర్-జి. అన్నిటికంటే పొడవైనది, వేగమైనది డౌన్‌హిల్. స్లాలమ్‌లో వేగం గంటకు యాభై కిలోమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. డౌన్‌హిల్‌లో 130 దాటుతుంది. 2013లో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో ఫ్రాన్స్ స్కీయర్ యోహాన్ క్లారే 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. కాళ్లకు కట్టుకునే స్కీలు కూడా వేరే. మహిళల స్లాలమ్ స్కీ కనీస పొడవు 155 సెంటీమీటర్లు, డౌన్‌హిల్ స్కీ 210.

తేడా వేగంలోనే కాదు, తయారవడంలోనూ ఉంది. డౌన్‌హిల్‌కు ముందురోజుల్లో అదే దారిలో సాధన పరుగులుంటాయి. స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లకు అది లేదు. ఉదయం దారి పక్కనుంచి నెమ్మదిగా దిగుతూ గేట్లు ఎలా పాతారో చూసి గుర్తుపెట్టుకోవడమే. ఆ తర్వాత రెండు పరుగులు, రెండు సమయాలూ కలిపి ఫలితం. రెండో పరుగుకు గేట్లన్నీ పీకి కొత్తగా పాతుతారు. ప్రపంచ కప్‌లో మొదటి పరుగులో ముప్పైలోపు వచ్చినవారికే రెండోది (ఒలింపిక్స్‌లో ఈ కోత లేదు). అందులో వరుస తిరగబడుతుంది: ముప్పయ్యో స్థానంలో ఉన్నవారు ముందు, మొదటి స్థానంలో ఉన్నవారు ఆఖరున దిగుతారు. అప్పటికి ఇరవై తొమ్మిది మంది స్కీలు కోసిన మంచు గాట్లుపడి ఉంటుంది. ముందంజలో ఉన్నవారికి అన్యాయంలా కనిపించినా చూసేవారికి ఉత్కంఠ అందులోనే ఉంది.

షిఫ్రిన్ రాణి అనిపించుకున్నది స్లాలమ్‌లో. దాన్ని దగ్గర నుంచి చూడాలి. రెండు మలుపు గుంజల మధ్య దూరం ఆరు నుంచి పదమూడు మీటర్లు. నిమిషం కూడా పట్టని దారిలో యాభై, అరవై మలుపులు. గుంజలు ప్లాస్టిక్‌వి, అడుగున కీలు ఉంటుంది. స్కీయర్లు వాటిని తప్పించుకోరు. మోకాలి కింది కవచంతో, చేతి కవచంతో కొట్టి పడగొట్టుకుంటూ పాదాలను మాత్రం గుంజకు అవతలి నుంచి లాక్కుపోతారు. టీవీలో వినిపించే టకటక చప్పుడు అదే. పాదానికీ గుంజకూ మధ్య బెత్తెడు జాగా మిగిలితే సమయం వృథా అయినట్టు. ఒక అంగుళం లోపలికి పోతే స్కీ కొన గుంజకు తప్పు వైపున పడి రేసు అయిపోయినట్టు.

మన్ననూరు దాటి దోమలపెంట, ఈగలపెంట మీదుగా శ్రీశైలం ఘాట్ దిగే అనుభవమున్న బస్సు డ్రైవరును గమనించినవారికి ఇందులో అసలు విద్య ఏమిటో వెంటనే తెలుస్తుంది. అతను మలుపు దగ్గరికొచ్చాక స్టీరింగు తిప్పడు. ముందే బండిని సరైన వైపుకు తెచ్చుకుని, ఈ మలుపులో ఉండగానే తర్వాతి మలుపుకు సిద్ధమవుతాడు. షిఫ్రిన్ కూడా గేటుకు ఎగువనే మలుపు దాదాపు ముగించేస్తుంది. గేటు చేరేసరికి ఆమె చూపు రెండు గేట్ల కింద ఉంటుంది. ఇతరులు గేటు దాటాక మలుపు ముగిస్తారు, అందుకని అక్కడ స్కీలు పక్కకు జారి మంచు లేస్తుంది. ఆమె పరుగులో మంచు తక్కువ లేస్తుంది.

సెకనులో వందో వంతు ఎంత దూరం?

ఫలితాలు సెకనులో వందో వంతు వరకు లెక్కిస్తారు. గంటకు యాభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు. వందో వంతు సెకనుకు పద్నాలుగు సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. 120 కిలోమీటర్ల వేగంలో అదే వందో వంతుకు 33 సెంటీమీటర్లు. 2014 సోచీ ఒలింపిక్స్ మహిళల డౌన్‌హిల్‌లో టీనా మాజే, డొమినిక్ గిజిన్ ఆ వందో వంతు దాకా సమానంగా నిలిచి ఇద్దరూ స్వర్ణం పట్టుకెళ్లారు. ఈ కొలమానంతో చూస్తే సెస్ట్రియెరెలో షిఫ్రిన్ గెలిచిన 0.61 సెకన్ల తేడా చిన్నది కాదు, మంచు మీద ఎనిమిది మీటర్లకు పైగానే.

వెయిల్ నుంచి సోచీ దాకా

షిఫ్రిన్ 1995 మార్చి 13న కొలరాడోలోని వెయిల్‌లో పుట్టింది. తండ్రి జెఫ్ మత్తు వైద్యుడు, తల్లి ఐలీన్ నర్సు. ఇద్దరూ స్కీయింగ్ పోటీల్లో పాల్గొన్నవారే. డబ్బు, మంచుకొండ, తెలిసిన తల్లిదండ్రులు – మూడూ పుట్టుకతో అందాయన్నది దాచాల్సిన విషయం కాదు. అయితే వెయిల్‌లో అలాంటి పిల్లలు వందలమంది ఉంటారు. ఆమె ఇంట్లో తేడా ఒక లెక్క దగ్గర వచ్చింది. పిల్లలను వారం వారం రేసులకు తిప్పితే రోజంతా ప్రయాణం, నిరీక్షణ. మంచు మీద ఉండేది రెండు మూడు నిమిషాలు. అదే రోజు సాధనకు వాడితే పదుల పరుగులు. తల్లిదండ్రులు రెండోదాన్ని ఎంచుకున్నారు. వెర్మాంట్‌లోని బర్క్ మౌంటెన్ అకాడమీలో కూడా ఆమె పేరు పడింది పతకాల వల్ల కాదు, ఒకే మలుపును విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేయడం వల్ల. శరీరం తూకం నిలవడానికి ఒంటిచక్రపు సైకిలు కూడా తొక్కేది. తర్వాతి కాలంలో తల్లే కోచ్‌ల బృందంలో ఒకరుగా వెంట తిరిగింది.

2011 మార్చి 11న, పదహారేళ్లు నిండడానికి రెండు రోజుల ముందు, చెక్ రిపబ్లిక్‌లో తొలి ప్రపంచ కప్ రేసు. 2012 డిసెంబరులో స్వీడన్‌లోని ఓరెలో తొలి గెలుపు. కొన్ని వారాలకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్లాలమ్ స్వర్ణం. ఇది ప్రపంచ కప్‌కు వేరు; రెండేళ్లకోసారి జరిగే, ఒలింపిక్స్ తరహాలో ఒక్క రోజులో తేలిపోయే పోటీ. అక్కడ స్లాలమ్ స్వర్ణాన్ని 2013, 2015, 2017, 2019ల్లో వరుసగా నాలుగుసార్లు గెలిచింది.

2014లో సోచీ. మొదటి పరుగులో ముందంజలో ఉండి రెండోదానికి తొలి ముప్పై మందిలో ఆఖరున దిగింది. దారి మధ్యలో ఎడమ స్కీ మంచు వదిలి గాలిలోకి లేచింది. బరువంతా వెనక్కి పోయింది. అలాంటప్పుడు నూటికి తొంభై మంది పక్కకు దొర్లిపోతారు. ఆమె ఒంటికాలి మీద రెప్పపాటు నిలిచి, తర్వాతి గేటుకు కాలు దించి, మళ్లీ లయ అందుకుంది. అర సెకను తేడాతో, కచ్చితంగా చెప్పాలంటే 0.53 సెకన్లతో, స్వర్ణం. పద్దెనిమిదేళ్లకు ఒలింపిక్ స్లాలమ్ గెలిచినవారు అంతకుముందు లేరు. ఆ వీడియో చూడని వారికి ఒక్క మాట చెబుతాను: బీజింగ్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు దాన్నే చూడాలి. సోచీలో ఆ కాలు కిందికి దిగింది, అంతే.

2018 ప్యాంగ్‌చాంగ్‌లో జెయింట్ స్లాలమ్ స్వర్ణం, కంబైన్డ్‌లో (ఒక వేగపు పరుగు, ఒక స్లాలమ్ పరుగు కలిపి లెక్కించే పోటీ) రజతం వచ్చాయి. తిరుగులేనిదనుకున్న స్లాలమ్‌లో మాత్రం నాలుగో స్థానం. అప్పటికే ఒక హెచ్చరిక వచ్చినట్టే, మనం పట్టించుకోలేదు.

2020 ఫిబ్రవరిలో ఇంట్లో జరిగిన ప్రమాదంలో తండ్రి చనిపోయాడు. అప్పటికి ఆమె పెద్ద గోళం పోటీలో అందరికంటే ముందుంది. ఆట ఆపేసి ఇంటికి వెళ్లింది. ఆ ఏడు గోళం ఇటలీకి చెందిన ఫెదెరికా బ్రిన్యోనేకు దక్కింది. ఆ తర్వాత కొంతకాలం తనకు గెలవాలన్న కోరికే పోయిందని షిఫ్రిన్ బాహాటంగా చెప్పింది.

బీజింగ్‌లో ఏమైంది?

జెయింట్ స్లాలమ్ మొదటి పరుగు, మొదటి కొన్ని గేట్లలోనే స్కీ జారి తుంటి మీద పడింది. రెండు రోజుల తర్వాత స్లాలమ్. మళ్లీ మొదటి కొన్ని గేట్లలోనే దారి తప్పింది. స్కీలు తీసేసి మంచు పక్కన తల వాల్చి కూర్చుండిపోయింది; ఆమె ముందు నుంచి మిగతావారు ఒక్కొక్కరే దిగిపోతున్నారు. సూపర్-జిలో తొమ్మిదో స్థానం, డౌన్‌హిల్‌లో పద్దెనిమిది, కంబైన్డ్‌లో మళ్లీ స్లాలమ్ పరుగులోనే పడిపోవడం, జట్టు పోటీలో నాలుగు.

వివరణలు రెండు రకాలుగా వచ్చాయి. ఒత్తిడికి తట్టుకోలేకపోయిందని కొందరు అన్నారు. అందులో నిజం లేకపోలేదు, పతకాల సంఖ్య ముందే లెక్కగట్టి టీవీల్లో చూపిస్తుంటే ఎవరికైనా మోకాళ్లు బిగుస్తాయి. ఇంకొందరు పరిస్థితులు చూపించారు: యాన్‌చింగ్ కొండ మీద మంచంతా యంత్రాలతో చేసింది, మహమ్మారి వల్ల ముందస్తు పోటీలు రద్దై ఆ దారి ఎవరికీ అలవాటు లేదు, ఆ సీజన్ మొదట్లో ఆమెకు వెన్నునొప్పి, డిసెంబరులో కొవిడ్. ఇందులోనూ నిజముంది గానీ ఆ మంచు అందరికీ ఒకటే కదా.

నాకు ఈ రెండిటికంటే లెక్కే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. ఒక స్కీయర్ పది స్లాలమ్‌లలో నాలుగు గెలుస్తుందనుకుందాం. ఊహించిన అంకె ఇది, అయినా చాలా గొప్ప అంకె. సీజన్‌లో పది రేసులుంటే నాలుగు గెలుపులు ఖాయమైనట్టే, పత్రికలన్నీ ఆమెను అజేయ అంటాయి. కానీ ఏదో ఒక్క రోజు చూస్తే ఆమె గెలవకపోయే అవకాశమే ఎక్కువ, నూటికి అరవై. రెండు రేసులు తీసుకుంటే రెండూ పోయే అవకాశం 0.6ను 0.6తో గుణిస్తే 0.36, అంటే మూడింట ఒక వంతుకు పైన. ఒలింపిక్స్ నాలుగేళ్లకు వచ్చే ఒకటి రెండు రోజులు. పైగా ఆమె గెలిచే పద్ధతే పాదాన్ని గుంజకు అంగుళం దూరంలో పోనివ్వడం. ఆ అంగుళమే వందో వంతులు సంపాదించిపెట్టింది, బీజింగ్‌లో దారి తప్పించింది కూడా అదే. వెనక్కి తగ్గి జాగ్రత్తగా దిగి ఉంటే పదో స్థానం దక్కేదేమో, స్వర్ణం దక్కదు.

సరిగ్గా నెల తిరక్కముందే మార్చిలో ఫ్రాన్స్‌లోని కూర్షెవెల్‌లో ఆమె గెలిచింది ఏమిటో తెలుసా? స్లాలమ్ కాదు, డౌన్‌హిల్. స్లొవేకియాకు చెందిన పెట్రా వ్ల్హోవాను వెనక్కి నెట్టి ఆ ఏటి పెద్ద గోళం, తనకు నాలుగోది, అందుకుంది. 2023లో ఐదోది.

తొంభై తొమ్మిది దగ్గర ఆగిన రేసు

2024 నవంబరు 30న వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌లో, చదువుకున్న బడి ఉన్న రాష్ట్రంలోనే, సొంత జనం ముందు వందో గెలుపు వస్తుందనుకున్నారు. జెయింట్ స్లాలమ్ మొదటి పరుగులో ఆమెదే ఆధిక్యం. రెండో పరుగులో జారి, గేటును ఢీకొని, పల్టీ కొట్టి రక్షణ కంచెలోకి పోయింది. పొత్తికడుపు పక్కన ఏదో లోతుగా గుచ్చుకుని కండరం చిరిగింది. శస్త్రచికిత్స అయింది.

జనవరి చివర్లో తిరిగొచ్చిన రేసులో పదో స్థానం. ఫిబ్రవరి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బ్రీజీ జాన్సన్‌తో కలిసి జట్టు కంబైన్డ్ స్వర్ణం గెలిచింది, అక్కడ అది ఆమెకు పదిహేనో పతకం. జెయింట్ స్లాలమ్‌లో మాత్రం దిగలేదు. గాయం మానినా ఆ వేగంలో కొండ దిగాలంటే మనసు ఒప్పుకోవడం లేదని, ఆ భయం తన అదుపులో లేదని చెప్పింది. ఓడిన చాంపియన్లు నడుమునొప్పి సాకు చెప్పడం మనం చూశాం. భయమేస్తోందని చెప్పేవారు అరుదు. వందోది చివరికి స్లాలమ్‌లో వచ్చింది.

ఎవరు గొప్ప అన్న పేచీ

ఆ వంద ఇలా విడిపోతుంది: స్లాలమ్ 63, జెయింట్ స్లాలమ్ 22, సూపర్-జి 5, ఇద్దరు పక్కపక్కనే దిగే ప్యారలల్ 5, డౌన్‌హిల్ 4, కంబైన్డ్ 1. ఆరు రకాల్లోనూ గెలిచిన తొలి స్కీయర్ ఆమే. దాదాపు మూడింట రెండు వంతులు స్లాలమ్ నుంచి వచ్చినవేనన్నదీ నిజమే, విమర్శకులు పట్టుకునేది దాన్నే.

అమెరికాకే చెందిన లిండ్సే వాన్ 2019లో విరమించే నాటికి గెలిచిన 82 రేసుల్లో 43 డౌన్‌హిల్‌లే. 120 కిలోమీటర్ల వేగంలో పడితే ఏమవుతుందో ఆమె మోకాళ్లు చెబుతాయి. ప్రాణం పణంగా పెట్టిన గెలుపునూ స్లాలమ్ గెలుపునూ ఒకే తక్కెడలో తూస్తారా అని ఆమె అభిమానుల ప్రశ్న. స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 86 విజయాల్లో ఒక్క డౌన్‌హిల్ కూడా లేదు: 46 జెయింట్ స్లాలమ్, 40 స్లాలమ్. 1984 ఒలింపిక్స్‌కు వృత్తి ఆటగాడన్న ముద్ర వల్ల ఆయన్ను రానివ్వలేదు. ఆయన రికార్డును షిఫ్రిన్ 2023 మార్చి 11న ఓరెలో, తన తొలి రేసుకు సరిగ్గా పన్నెండేళ్లకు, దాటింది. ఆస్ట్రియాకు చెందిన అన్నెమరీ మోజర్-ప్రోల్ 62 గెలుపులు 1970ల నాటివి, సూపర్-జి అన్న రేసే లేని కాలం. ఆమెకు పెద్ద గోళాలు ఆరు. ఒలింపిక్స్‌నే కొలబద్దగా తీసుకుంటే క్రొయేషియాకు చెందిన యానిత్సా కోస్తెలిచ్ ముప్పై ప్రపంచ కప్ గెలుపులతోనే నాలుగు స్వర్ణాలు తెచ్చుకుంది. బీజింగ్ ముగిసేసరికి షిఫ్రిన్‌వి రెండు.

నా మట్టుకు పెద్ద గోళమే నమ్మదగిన కొలత. గాయం, వాతావరణం, అదృష్టం అన్నీ ఆరు నెలల్లో ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. కాదనేవారి వాదన కూడా బలంగానే ఉంది: అందరూ చూసే ఆ ఒక్క రోజు నిలబడటం వేరే విద్య, దానికి వేరే మార్కులుండాలి.

మనవాళ్లు ఈ కొండ మీద ఎక్కడున్నారు?

బీజింగ్‌లో భారత్ తరఫున వెళ్లింది ఒక్కడే, కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం, స్లాలమ్‌లో పరుగు పూర్తి కాలేదు. ఈ వ్యాసం మొదట్లోనే చెప్పి ఉంటే 45 చిన్నగా అనిపించేది. యంత్రపు మంచు మీద, చూసి గుర్తుపెట్టుకున్న దారిలో రెండు పరుగులూ పడకుండా పూర్తి చేయడమంటే ఏమిటో ఇప్పుడు తెలుసు. మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో తుర్కియేలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చింది. తెలంగాణ పిల్లలు మంచు మీదికి వెళ్లింది స్కీలతో కాదు. 2014లో గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కడానికి ముందు రాయి ఎక్కడం నేర్చుకున్నది అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట మీద. ఎక్కడానికి గుట్ట చాలు. దిగడం నేర్వాలంటే ఏటా నెలల తరబడి మంచు, యంత్రాలు, కోచ్‌లు కావాలి. ఈ ఆటలో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పేర్లే పదే పదే వినిపించడానికి సగం కారణం అదే.

2024-25 సీజన్ చివరి అంకంలో అమెరికాలోని సన్ వ్యాలీలో స్లాలమ్ గెలిచి షిఫ్రిన్ లెక్కను 101కి చేర్చింది. రెండు నెలలు ఆటకు దూరమైనందున ఆ ఏడు పెద్ద గోళం ఆమెకు రాలేదు, మళ్లీ బ్రిన్యోనేకే వెళ్లింది. అప్పటికి మోజర్-ప్రోల్ ఆరు గోళాలు, వాన్ 43 డౌన్‌హిల్‌లు, స్టెన్‌మార్క్ 46 జెయింట్ స్లాలమ్‌లు ఆమెకు అందకుండానే ఉన్నాయి.